చివకని కాగితం

వానాకాలం వెళ్ళాక చిత్తుకాగితాల షెడ్డు వెనకమూల ఖాళీ చేయిస్తుంటే నూకరత్నానికి పాత వార్తాపత్రికల కట్ట ఒకటి దొరికింది. పైన రేకు చిల్లుపడి మూడు నెలలుగా వాననీళ్ళు కారిన చోటది. అలాంటి చోట నానిన కాగితం ఎండాక చేత్తో పట్టుకుంటే రాలిపోతుంది. ఇది రాలలేదు. చింపబోతే చిరగలేదు. కాలితో తొక్కిపట్టి రెండు చేతులా లాగినా అంచు కూడా ఊడలేదు. ఆవిడ ఆ కట్టని చంకన పెట్టుకుని తిన్నగా లేబొరేటరీకి వచ్చింది.

“మేడంగారండీ, ఇదేదో ఇడ్డూరంగా ఉందండి. పాతికేళ్ళనించి కాయితాలు ఏరతన్నాను. తడిసిన కాయితం గట్టిపడ్డం నేనెప్పుడూ సూళ్ళేదండి.”

నూకరత్నం షెడ్డుకి మేస్త్రి. ఆవిడ కింద అరవై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. మామూలు సంగతైతే ఆవిడ లేబొరేటరీ గడప ఎక్కదు. అందుకని సువర్చల చేస్తున్న పని ఆపి కట్టని అందుకుంది.

శ్రీ కుంతీమాధవ పేపర్ మిల్లు పిఠాపురం దాటాక ఏలేరు కాలవ పక్కన ఉన్న చిన్న మిల్లు. చుట్టుపక్కల ఊళ్ళలో పోగుచేసిన పాత నోటుపుస్తకాలు, పేపర్లు, అట్టపెట్టెలు లారీల్లో వస్తాయి. వాటిని ఏరి, నానబెట్టి, గుజ్జు చేసి మళ్ళీ కాగితం తీస్తారు. సువర్చల అక్కడ కెమిస్టుగా చేరి పద్దెనిమిదేళ్ళయింది. రోజూ తయారైన కాగితంలోంచి ముక్క కోసి, యంత్రంలో బిగించి, ఎంత లాగితే తెగుతుందో చూడటం ఆమె పని.

ఆ పద్దెనిమిదేళ్ళూ ఆమెని వేధించింది ఒకటే విషయం. కాగితమంటే చెట్టు నార. గుజ్జు చేసిన ప్రతిసారీ ఆ నార కాస్త తెగి పొట్టిదవుతుంది. ఆరేడుసార్లు తిరిగేసరికి పిండిలా అయిపోయి, జల్లెడలోంచి జారి మడ్డిలో కలిసిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి మిల్లు నెలనెలా సరుగుడు, జామాయిలు కర్రల గుజ్జు తెప్పించుకోక తప్పదు. ‘చెట్టు కొట్టకుండా కాగితం’ అని గేటు మీద బోర్డు ఉంది. కర్రగుజ్జు లారీ ఆ గేటులోంచి లోపలికి వస్తున్నప్పుడల్లా సువర్చలకి సిగ్గుగా ఉండేది.

నూకరత్నం తెచ్చిన కట్టలోంచి రంపంతో చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పాత పేపర్లో నార ఎలా ఉండాలో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. పొట్టిగా, చివర్లు చీలిపోయి, అరిగిపోయిన చీపురు పుల్లల్లా ఉండాలి. ఇక్కడ అలా లేదు. పోగులు పొడుగ్గా ఉన్నాయి. ఒక్కొక్క పోగుమీదా అక్కడక్కడా చిన్న బుడిపెలు ఉన్నాయి, తెగిన దారాన్ని ఎవరో ఓపిగ్గా ముడివేసినట్టు.

“ఏటండి అది?” అని నూకరత్నం అడిగింది.

“తెగిన నారని ఏదో అతికిస్తోంది” అంది సువర్చల. “ఏదో పురుగు. కంటికి ఆనని పురుగు.”

“మంచిదేనాండి?”

“మంచిదే అనుకుంటున్నాను.”

*

దాన్ని వేరుచేసి సీసాలో పెంచడానికి ఎనిమిది నెలలు పట్టింది. అది గోరువెచ్చని నీళ్ళలో హాయిగా బతుకుతుంది. నార తెగిన చివరలు కనబడితే చాలు, జిగురులాంటిది వదిలి రెంటినీ కలిపేస్తుంది. వేడి మాత్రం ఓర్వలేదు. కాగితం ఆరబెట్టే సిలిండర్ల మీదకి వెళ్ళేసరికి చచ్చిపోతుంది, దాని అతుకులు మాత్రం మిగులుతాయి. సువర్చల దానికి ‘అతుకు’ అనే పేరు పెట్టింది. శాస్త్రం ప్రకారం పెట్టవలసిన పొడుగు పేరు ఇంకోటి ఉన్నా మిల్లులో అందరి నోటా అతుకే నిలబడింది.

ఒకే కాగితాన్ని ఆమె మళ్ళీ మళ్ళీ గుజ్జు చేసి మళ్ళీ మళ్ళీ తీసింది. ఏడోసారి దాటింది. పన్నెండోసారి దాటింది. ఇరవయ్యోసారి తీసిన కాగితాన్ని యంత్రంలో బిగిస్తే, కొత్త కర్రతో చేసిన కాగితం తెగే చోట అది తెగలేదు. ఆ సాయంత్రం ఆమె ఆ ముక్కని పర్సులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి భర్త చేతికిచ్చింది. శ్రీహరి హైస్కూల్లో సైన్సు మాస్టారు.

అతను రెండు చేతులా పట్టుకుని లాగి చూశాడు. “అంటే ఇక కాగితం కోసం చెట్టు కొట్టక్కర్లేదా?”

“ఇప్పటిదాకా కొట్టినవి చాలు. ఉన్న కాగితమే తిరుగుతూ ఉంటుంది.”

అతను లేచి వంటింట్లోకి వెళ్ళి తనే కాఫీ కలుపుకొచ్చి ఆమెకిచ్చాడు. పెళ్ళయ్యాక అతను కాఫీ కలపడం అదే మొదటిసారి.

మిల్లు యజమాని రామభద్రరాజు గారికి ఆ కబురు చెప్పినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. అక్టోబరులో ఒక గుజ్జుతొట్టిలో అతుకు వేసి పని మొదలుపెట్టారు. మొదటి విడత కాగితంతో నోటుపుస్తకాలు కుట్టించి శ్రీహరి పనిచేసే బడికి ఇచ్చారు. పిల్లలకి ఆ పుస్తకాలు తెగ నచ్చాయి. రబ్బరు పెట్టి ఎంత రుద్దినా చిల్లు పడేది కాదు. కర్రగుజ్జు లారీ రావడం మానేసింది. దేశంలో పేరున్న ఒక పెద్ద కంపెనీవాళ్ళు ఫిబ్రవరిలో వచ్చి చూస్తామనీ, నచ్చితే ఒప్పందం రాసుకుంటామనీ కబురుచేశారు.

తొట్టి అడుగున మిగిలే మడ్డిని ఎప్పటిలాగే గేటు బయట పోశారు. ఎరువుకీ, పల్లం పూడ్చుకోవడానికీ కావలసినవాళ్ళు ఎప్పటిలాగే ఎత్తుకెళ్ళారు. కాగితంలో అతుకు బతికి ఉందా లేదా అని సువర్చల వందసార్లు పరీక్షించింది. మడ్డికి సిలిండర్ల వేడి తగలదన్న సంగతి ఆమెకి తట్టలేదు.

*

సువర్చల అత్తగారు సుభద్రమ్మకి కాగితం బుట్టలు చేయడం అలవాటు. పాత పేపర్లు చింపి గంగాళంలో నానబెడుతుంది. మూడోనాడు మెంతులు కలిపి రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దని బోర్లించిన బిందె మీద మందంగా పరిచి ఎండబెడుతుంది. ఎండాక బిందె తీసేస్తే బుట్ట. మరమరాలకొకటి, ఉల్లిపాయలకొకటి, పెళ్ళయి వెళ్ళే పిల్లలందరికీ ఒక్కోటి. ఆ ఇంట్లో కాగితం ముక్క చెత్తబుట్టలో పడగా ఎవరూ చూడలేదు.

దీపావళి వెళ్ళాక ఒకనాడు సువర్చల సరదాకి చిన్న సీసాడు అతుకు నీళ్ళు తెచ్చి ఆ గంగాళంలో పోసింది.

“ఇదేమిటే, బుట్ట కొడితే కంచులా మోగుతోంది!” అని ఆవిడ మురిసిపోయింది. వీధివీధంతా తిప్పి చూపించింది. గంగాళంలో మిగిలిన నీళ్ళు పెరటి పెంటగుంటలో ఒంపేసింది.

జనవరి ఆఖరులో ఒక ఆదివారం మామిడి మొక్కలకి ఎరువు వేద్దామని ఆవిడ గునపంతో ఆ గుంట తవ్వింది. కాసేపటికి కోడల్ని కేకేసింది.

“అమ్మాయ్, ఓసారి ఇలా రా.”

గుంటలో అరటాకులు ఉన్నాయి. కార్తీకమాసంలో వనభోజనాలకి తెచ్చిన ఆకులు. వాటి మీద ముడతలు కూడా లేవు. ఎండి, గోధుమరంగు తిరిగి, చెప్పుల తోలులా బిగుసుకుని ఉన్నాయి. తోటకూర కాడలు, కరివేపాకు రెమ్మలు, కొబ్బరి పీచు అన్నీ వేసినవి వేసినట్టు ఉన్నాయి. రెండున్నర నెలల్లో నల్లటి మట్టి అయిపోవలసినవి. గుంటలో కుళ్ళు వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు.

“నలభయ్యేళ్ళుగా ఈ గుంటలో వేస్తున్నాను, ఇలా ఎప్పుడూ లేదు” అంది సుభద్రమ్మ. “వానపామన్నది ఒక్కటి లేదు. ఏమైందంటావు?”

సువర్చల గుంట అంచున కూర్చుని ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. చింపబోయింది. చిరగలేదు. ఏమైందో ఆమెకి ఆ క్షణంలోనే అర్థమైంది. కాగితంలో ఉన్నదీ ఆకులో ఉన్నదీ ఒకే నార. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఎక్కడ తెంపుతున్నాయో అక్కడల్లా అతుకు మళ్ళీ కలిపేస్తోంది. వాటికి తిండి అందక అవి చచ్చిపోయాయి. వాటిని తిని బతికే వానపాములు వెళ్ళిపోయాయి.

“చలికాలం కదా అత్తయ్యా, కుళ్ళడానికి ఆలస్యమై ఉంటుంది” అంది.

అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కంపెనీవాళ్ళు రావడానికి మూడు వారాలుంది. ముందు వాళ్ళని వచ్చి వెళ్ళనీ, తరవాత తీరిగ్గా పరీక్ష చేద్దాం అనుకుంది. గుంటమీద బస్తా కప్పి చేతులు కడుక్కుంది. మర్నాడు మిల్లుకి వెళ్ళి, మడ్డి బయట పోయడం ఆపమని మాత్రం చెప్పింది. అప్పటికే ఎవరెవరు ఎత్తుకెళ్ళారని మాత్రం అడగలేదు.

*

నూకరత్నానికి కాలవ దిగువన అరెకరం పొలం ఉంది. దాని గట్టున పాక, పాకలో గౌరి అనే గేదె. భర్త చనిపోయిన ఏడాది పుట్టిన పెయ్యని పెంచి పెద్దచేసుకుంది. గౌరి పాలతో, షెడ్డు జీతంతో ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసింది.

వరికోతలయ్యాక గడ్డిమేటు వేసే చోటు పల్లంగా ఉందని, మిల్లు మడ్డి ఒక ట్రాక్టరు తోలించి మెరక చేసుకుంది. దానిమీద మేటు వేసింది. జనవరి మొదట్లో అకాలవాన ఒకటి పడి మేటు అడుగంతా తడిసింది.

ఫిబ్రవరి రెండోవారంలో నూకరత్నం పనిలోకి రాలేదు. రెండోరోజూ రాలేదు. గేదెకి ఒంట్లో బాగులేదట అని షెడ్డులో అనుకుంటుంటే విని సువర్చల మధ్యాహ్నం ఆటో ఎక్కి వెళ్ళింది.

గౌరి పాక ముందు పడుకుని ఉంది. కడుపు ఎడమవైపు ఉబ్బి బండలా ఉంది. పశువుల డాక్టరు చేతికి తొడుగు వేసుకుని పరీక్ష చేసి లేచాడు.

“లోపల గడ్డి మోపులా బిగుసుకుపోయిందండి. నానట్లేదు, అరగట్లేదు. రెండుసార్లు నూనె పట్టాం. కోసి తీద్దామన్నా తట్టుకునే స్థితి లేదు. ఈ మండలంలో ఇది నాలుగోదండి. ఏం గడ్డి తిన్నాయో తెలియట్లేదు.”

నూకరత్నం గేదె మెడ కింద చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. “సక్కగా తినేదండి. నెమరెయ్యడం మానేసింది. అంతేనండి.”

సువర్చల మేటు దగ్గరికి వెళ్ళి అడుగునుంచి ఒక పిడికెడు గడ్డి లాగింది. ఒక పరక తీసి మెలిపెట్టింది. ఇనపతీగలా తిరిగి లేచింది.

మర్నాడు పొద్దున్న గౌరి చచ్చిపోయింది.

*

ఈ సంగతి సువర్చల ముందు భర్తకి చెప్పింది. శ్రీహరి అంతా విని, “మూడు వారాల కిందటే తెలుసా నీకు?” అని ఒక్కమాట అడిగాడు. ఆమె తలూపింది. అతను తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

గేదెని పూడ్చిన మూడోనాడు సువర్చల నూకరత్నం పాక దగ్గరికి వెళ్ళింది. నూకరత్నం నులకమంచం వాల్చి కూర్చోమంది. సువర్చల కూర్చోలేదు.

“నూకరత్నం, గౌరి పోవడానికి కారణం అతుకే. మడ్డిలో బతికి ఉండిపోయింది. మేటులోకి ఎక్కి గడ్డిని అరగకుండా చేసింది.”

“డాక్టరుగారు సెప్పారండి, గడ్డిలో ఏదో ఉందని. మీకు మాత్రం ఎలా తెలుత్తదండి?”

“నాకు తెలుసు. మా పెరట్లో గుంట చూసినప్పుడే తెలిసింది. కంపెనీవాళ్ళు వచ్చి వెళ్ళాక చూద్దామని ఊరుకున్నాను.”

నూకరత్నం ఆమె వంక చూసింది. “ఎప్పుడండి అది?”

“ఇరవై రోజులైంది.”

ఆవిడ పెదాలు కదిలాయి. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.

“గౌరి నెమరు మానేసి పన్నెండు రోజులండి” అంది చివరికి. “అంటే మీరు ఆ గుంట సూసేతలికి అది బాగానే ఉందండి.”

“అవును.”

“మేటు ముట్టుకోవద్దు నూకరత్నం, అని ఒక్క కబురెడితే సరిపోయేదండి.”

“సరిపోయేది.”

నూకరత్నం లేచి పాకలోకి వెళ్ళింది. లోపల కుడితి గోలెం బోర్లిస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి లోపలినుంచే, “మీరెల్లండి మేడంగారూ” అంది.

*

రామభద్రరాజు గారు చెడ్డమనిషి కాదు. సువర్చల చెప్పినదంతా అడ్డుపడకుండా విన్నాడు.

“పోయిన గేదెలకి బదులు గేదెలు ఇప్పిద్దామండి. మడ్డిని ఇకనుంచి బాయిలర్లో కాల్చేద్దాం. కాగితంలో అతుకు బతికి ఉండదని మీరే అన్నారు కదండి. ఇంక ఇబ్బంది ఏముందండి?”

“కాగితంలో పురుగు ఉండదు, అతుకులు ఉంటాయి సర్. నిన్న పరీక్ష చేశాను. నవంబరులో నేను మట్టిలో పాతి ఉంచిన ముక్క అలాగే ఉంది. అది మట్టిలో కలవదు. ప్లాస్టిక్కుకీ దానికీ తేడా లేదు.”

“కలవకపోతే ఏమండి, మళ్ళీ మళ్ళీ కాగితం చేస్తాం కదండి.”

“దేశంలో పారేసిన ప్రతి ముక్కా మన గేటుకి తిరిగొస్తుందా సర్? సగం కూడా రాదు. మిగతాది మట్టిలో కలుస్తుందన్న ధైర్యంతోనే కదా మనం దీన్ని మంచిదంటున్నాం. పైగా తొట్టిలో నీళ్ళు ఒక్క బిందెడు కాలవలోకి జారితే చాలు. ఇక్కడినుంచి సముద్రందాకా వరిచేలే. దుబ్బులు కుళ్ళవు, ఆకు కుళ్ళదు, గడ్డి పశువుకి అరగదు. నాలుగేళ్ళు పోతే ఆ మట్టిలో ఏం పండుతుంది?”

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “షెడ్డులో అరవై మంది ఆడవాళ్ళున్నారండి. ఈ ఒప్పందం వస్తే వాళ్ళకీ బాగుంటుందని...”

“పాత పద్ధతిలో కూడా వాళ్ళు ఉంటారు సర్. ఆ పద్ధతిలో ఆరేడుసార్లు తిరిగాక కాగితం చచ్చిపోతుంది. అది లోపమని పద్దెనిమిదేళ్ళు అనుకున్నాను. అది లోపం కాదు.”

ఆయన లేచి కిటికీలోంచి తొట్టివైపు చూశాడు. తరవాత, “ఒక్క సీసా అయినా ఉంచరాదాండి?” అని అడిగాడు.

“వద్దు సర్” అంది సువర్చల.

తొట్టి నీళ్ళనీ, సీసాల్లో ఉన్న అతుకునీ మరగబెట్టేశారు. కంపెనీవాళ్ళకి రావద్దని ఉత్తరం వెళ్ళింది. జరిగింది జరిగినట్టు సువర్చల రాసిచ్చిన నివేదిక వ్యవసాయశాఖకీ కాలుష్య నియంత్రణ అధికారులకీ చేరింది. మిల్లుని రెండు నెలలు మూసేశారు. విచారణకి పిలిచినప్పుడల్లా ఆమె వెళ్ళి, తనకి ఎప్పుడు తెలిసిందన్న ప్రశ్నకి ప్రతిసారీ అదే తేదీ చెప్పింది. ఒక అధికారి, “ఆ ముక్క మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదమ్మా” అన్నాడు. ఆ తేదీని దాచడం ఇక తన వల్ల కాదని ఆమె అతనికి చెప్పలేదు.

బడి పిల్లల దగ్గరనుంచి నోటుపుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. నోట్సంతా మళ్ళీ రాసుకోవాలని పిల్లలు గొణిగారు. శ్రీహరి సెలవురోజుల్లో కూడా వాళ్ళతో కూర్చుని రాయించాడు. ఆ పుస్తకాలన్నీ బాయిలర్లోకి వెళ్ళాయి. సుభద్రమ్మ వీధిలో పంచిపెట్టిన కంచుబుట్టల్ని ఒక్కొక్కటే అడిగి తెచ్చి తనే మిల్లుకి పంపింది.

మడ్డి ఎవరెవరి ఇంటికి వెళ్ళిందో రాసిన పుస్తకమేదీ లేదు. షెడ్డులో ఆడవాళ్ళకి మాత్రం తెలుసు. సువర్చల వాళ్ళని వెంటబెట్టుకుని పదకొండు చోట్లకి తిరిగింది. మేటులు తగలబెట్టించింది. పెంటగుంటల్లోకి మిల్లు బాయిలరు ఆవిరి ట్యాంకరులో పట్టించి వదిలింది. సున్నం చల్లించింది. పొలాల్లో లోపలిదాకా దిగిన చోట మాత్రం ఏమీ పనిచెయ్యలేదు. అన్నిటికంటే ఎక్కువ దిగింది నూకరత్నం మేటు ఉన్న చోట. అక్కడ వరిగడ్డి నింపిన గుడ్డసంచి పాతిపెట్టి ఏప్రిల్లో తీస్తే, పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది.

“వేడి పడదన్నారు కదండి దానికి” అంది నూకరత్నం. ఆ రెండు నెలల్లో సువర్చలతో ఆవిడ తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. “రోయిణి ఎండలు రానీండి. నల్ల పట్టా కప్పి ఉంచుదాం. కోడిగుడ్డు ఉడికిపోద్దండి దాని కింద.”

రోహిణీకార్తెకి పొలమంతా తడిపి, నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచుల మీద మట్టి కప్పారు. ఇరవై రోజులు ఉంచారు. పట్టా కింద థర్మామీటరు పెట్టి సువర్చల రోజూ మధ్యాహ్నం చూసేది. పట్టా తీసేశాక రెండో సంచి పాతారు.

*

మే నెలలో మిల్లు మళ్ళీ తెరిచారు. కర్రగుజ్జు లారీ మళ్ళీ వచ్చింది. ఈసారి సువర్చల ఆ లారీకి ఎదురువెళ్ళి, ఎంత తక్కువ గుజ్జుతో గడుపుకోగలమో లెక్కలు వేసింది. నూనె మరకలున్న కాగితం ఒక్కటి తొట్టిలో పడితే మంచి గుజ్జు కూడా పాడవుతుందని, తడిసి బూజుపట్టిన కాగితంలో నార ముందే సగం పోతుందని షెడ్డులో అందరికీ తెలుసు. ఆ సంగతి కాగితం పారేసేవాళ్ళకే తెలియదు. నూకరత్నం వారానికి రెండుపూటలు బళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళడం మొదలుపెట్టింది.

“టిఫిను కట్టిన కాయితం వేరండి, రాసుకున్న కాయితం వేరండి. రెండూ కలిపేత్తే రెండూ సెత్తేనండి. పొడిగా ఉంచి ఇయ్యండి, మళ్ళీ మీకే పుస్తకం సేసి ఇత్తాం” అని చెప్పేది.

జులైకల్లా మిల్లుకి వచ్చే చిత్తుకాగితం శుభ్రంగా రావడం మొదలైంది. కడగడానికి కాలవనుంచి తోడే నీళ్ళు తగ్గాయి. కర్రగుజ్జు మూడు లారీలు వచ్చే చోట రెండు సరిపోయాయి. అతుకుతో పోలిస్తే అది ఏపాటి అని సువర్చలకి అప్పుడప్పుడు అనిపించేది.

అలా అనిపించినప్పుడు లేబొరేటరీ ఫ్రిజ్ వైపు చూసేది. కింది అరలో, వెనక, చిటికెనవేలంత గాజుగొట్టం ఒకటి ఉంది. రాజుగారికి వద్దని చెప్పి, తనే ఒకటి ఉంచుకుంది.

ఒకరోజు నూకరత్నం సంతకం కోసం వచ్చి, సంతకం అయ్యాక కూడా నిలబడింది.

“మేడంగారండీ, అతుకు సీసాలన్నీ మరగబెట్టేసారాండి?”

అబద్ధం ఆడటానికి సువర్చలకి నోరు రాలేదు. లేచి, ఫ్రిజ్ తెరిచి, గొట్టం తీసి బల్లమీద పెట్టింది.

“ఇదొక్కటి ఉంది.”

“ఎందుకండి?”

“ఎప్పటికైనా దీన్ని అదుపులో పెట్టే దారి దొరుకుతుందేమోనని. ఇదొక్కటే నేను జన్మలో సాధించింది నూకరత్నం.”

నూకరత్నం గొట్టం ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. లోపల కాస్త మబ్బునీళ్ళలాంటిది తప్ప ఏమీ కనబడలేదు.

“నేను తెచ్చిన కట్టలోదే కదండి ఇది?”

“అవును.”

“అయితే ఇందులో నాదీ కొంత ఉందండి. నా వంతు నేను వద్దంటన్నాను. మరగబెట్టండి.”

సువర్చల ప్రెషర్ కుక్కర్లాంటి పాత్రలో నీళ్ళు పోసి గొట్టం అందులో పెట్టింది. ముప్పావుగంట పట్టింది. నూకరత్నం స్టూలు మీద కూర్చుని చివరిదాకా ఉంది. మూత తీశాక సువర్చల కళ్ళు తుడుచుకుంది. ఆవిరి తగిలిందనుకున్నా సరే, ఏడ్చిందనుకున్నా సరే అన్నట్టు నూకరత్నం కిటికీ బయటికి చూస్తూ ఊరుకుంది.

*

ఆగస్టు మొదటివారంలో రెండో సంచి తీశారు. అప్పటికి చుట్టూ చేలన్నీ దమ్ముచేసి ఉన్నాయి. నూకరత్నం పొలం ఒక్కటే ఖాళీగా ఉంది. ఈ సంచీ మొదటిదానిలాగే ఉంటే ఆ పంటకాలమూ పోయినట్టే.

నూకరత్నం చీర ఎగదోపి బురదలోకి దిగింది. పార వెయ్యకుండా చేతులతోనే తవ్వింది. సంచి గుడ్డ వేళ్ళకి తగలగానే ఆగింది.

“మీరు తియ్యండి మేడంగారూ. నాకు బయ్యంగా ఉందండి.”

సువర్చల చెప్పులు గట్టుమీద వదిలి దిగింది. సంచి మూల పట్టుకుని లాగింది. గుడ్డ చేతిలో పిగిలిపోయింది. లోపల గడ్డి లేదు. నల్లగా, మెత్తగా, వేళ్ళ మధ్యనుంచి జారిపోయే ముద్ద ఉంది. అందులోంచి ఘాటైన వాసన గుప్పున కొట్టింది. ముద్ద మధ్యలో సన్నటి ఎర్రటి వానపాము ఒకటి మెలికలు తిరుగుతోంది.

సువర్చల ఆ గుప్పెడు ముద్దని నూకరత్నం దోసిట్లో పెట్టింది. నూకరత్నం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

“కుళ్ళిపోయిందండి!” అని అరిచింది. “మేడంగారూ, కుళ్ళిపోయిందండి!”

పక్కచేలో ఊడుపులు ఊడుస్తున్న ఆడవాళ్ళంతా నడుములెత్తి, పాపం ఈవిడకి ఏం పాడైపోయిందో అని కంగారుగా అటు చూశారు.